కంట్లో మొలిచే బూజు



బూజు అందరికీ తెలుసు. వానాకాలంలో ఊరగాయ జాడీకి మూత సరిగా పెట్టకపోతే పైన తెల్లగా పడుతుంది. తడిసిన గడ్డివాములో పడుతుంది. నాలుగు రోజుల రొట్టె మీద పచ్చగానో నల్లగానో లేస్తుంది. దీన్నే పుస్తకాల్లో శిలీంధ్రం అంటారు. డాక్టర్లు ఫంగస్ అంటారు. పుట్టగొడుగు కూడా ఈ జాతిదే.

ఫంగస్ అనే మాట 2021లో ఊరూరా వినపడింది. కరోనా వచ్చిన కొందరికి ముక్కులో మొదలై కంటిదాకా, మెదడుదాకా పాకింది. షుగరు జబ్బు ఉండి, స్టీరాయిడ్ మందులు వాడినవాళ్ళనే అది ఎక్కువగా పట్టింది. జనం దానికి బ్లాక్ ఫంగస్ అని పేరు పెట్టారు. అప్పుడు అందరూ హడలిపోయారు.

కాని కరోనాతో పని లేకుండా, ఏటేటా పల్లెల్లో కళ్ళు తీసే ఫంగస్ ఇంకొకటి ఉంది. దాని గురించి పేపర్లలో పెద్దగా రాదు. అది పట్టేది ఎక్కువగా రైతుల్ని, కూలీల్ని. అందుకే రాదేమో. ఈ వేళ చెప్పుకునేది దాని సంగతే.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా తేటగా ఒక పొర ఉంటుంది. దాని పేరు కార్నియా. మందం అర మిల్లీమీటరు, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే అద్దం తేటగా ఉండదు, చూపు మసకవుతుంది. ఈ అద్దం పైపొర బాగున్నంతకాలం బూజు మామూలుగా లోపలికి దూరలేదు. కాస్త గీసుకుపోయిందా, తలుపు తీసిపెట్టినట్టే.

గీసుకుపోవడానికి పెద్ద దెబ్బే తగలనక్కర్లేదు. వరి కోసేటప్పుడు వంగితే ఆకు కొస కంట్లో కొడుతుంది. నూర్చేటప్పుడు పరక ఎగిరిపడుతుంది. తూర్పార పట్టేటప్పుడు గాలి మళ్ళిందంటే పొట్టు కళ్ళల్లోనే. చెరుకు ఆకు, ముళ్ళకంప, ఎద్దు తోక కూడా చాలు. మట్టిలో, ఎండుటాకు మీద, పొట్టులో బూజు విత్తనాలు ఉంటాయి. కంటికి ఆనవు. గీసిన ఆకే విత్తనాన్ని కూడా లోపల నాటి పోతుంది.

ఒక కూలీ తల్లి సంగతి అనుకోండి. కోతలో కంటికి ఆకు కొట్టింది. నీళ్ళు కారాయి. కొంగుతో రుద్దుకుంది. పక్క సాలులో ఉన్నామె "ఉండవే వదినా, నలుసుంటే నేను తీస్తా" అని నాలుకతో తీసింది. రాత్రికి అత్తగారు చనుబాలు పోయించింది. మర్నాడు ఎవరో ఆకు పసరు పిండారు. అంతా ప్రేమతో చేసిన పనులే. కాని నోట్లో సూక్ష్మజీవులుంటాయి. ఆకులో ఉంటాయి. పిండిన చేతులకూ ఉంటాయి.

మూడో రోజు కన్ను ఎర్రబడింది. కోతలు వదులుకుని పట్నం పోతే కూలి పోతుంది. మందుల షాపుకు పోయింది.

"కన్ను మండుతోంది నాయనా, చుక్కలేమన్నా ఇయ్యి."

"ఇదిగోనమ్మా, రోజుకు నాలుగుసార్లు వేసుకో. ఎరుపు పోతుంది."

నిజంగానే ఎరుపు తగ్గింది. నొప్పి కూడా తగ్గింది. ఆమె పనిలోకి పోయింది. పది రోజులు తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. ఊళ్ళో పువ్వు వేసింది అన్నారు. వెలుగు చూడలేకపోతోంది. ఆ కంటితో మనిషి ఆనవాలు పట్టలేకపోతోంది.

ఆ చుక్కల్లో ఏముంది? స్టీరాయిడ్. కొన్ని జబ్బుల్లో అది మంచి మందే. డాక్టరు కన్ను చూసి ఇస్తే వేరు. కాని బూజు పట్టిన కంట్లో పడితే కీడు చేస్తుంది. ఒంట్లోకి శత్రువు వస్తే ఒళ్ళు పోరాడుతుంది. ఎరుపు, వాపు, నొప్పి ఆ పోరాటం గుర్తులు. స్టీరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. దొంగ వచ్చాడని కుక్క మొరుగుతుంటే, దొంగను వదిలేసి కుక్క మూతి కట్టినట్టు. ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. దొంగ మాత్రం లోపలే ఉంటాడు.

ఈ జబ్బు కొత్తది కాదు. జర్మనీలో థియోడర్ లేబర్ అనే కంటి వైద్యుడు 1879లో మొదటిసారి దీని గురించి రాశాడు. ఆయన దగ్గరికి వచ్చిన రోగి కూడా రైతే. ధాన్యం నూర్చేటప్పుడు పొట్టు కంట్లో పడింది. దేశం వేరు, పంట వేరు. కల్లంలో పని ఒకటే కదా!

మన పక్కన కూడా పరిశోధన బాగానే జరిగింది. మదురైలో 1994లో మూడు నెలలపాటు కంటి పుండుతో వచ్చినవాళ్ళను లెక్కపెట్టారు. 434 మంది తేలారు. వారిలో నూటికి 65 మందికి అంతకుముందు కంటికి దెబ్బ తగిలింది. పరీక్షలో సూక్ష్మజీవి దొరికినవాళ్ళలో దాదాపు సగం మందికి అది ఫంగస్. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 1991 నుంచి 2000 దాకా పదేళ్ళ లెక్క తీశారు. ఫంగస్ పుండు ఉన్నవాళ్ళు 1352 మంది. సగానికి పైగా దెబ్బ తగిలినవాళ్ళే. రెండుచోట్లా ముందు నిలిచిన ఫంగస్‌లు రెండు. ఒకటి ఫ్యుజేరియం, రెండోది ఆస్పర్‌జిల్లస్. పేర్లు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు. ఫ్యుజేరియం జాతి పైర్లకు కూడా తెగులు తెస్తుందని రైతులు గుర్తుపెట్టుకుంటే చాలు.

కంట్లో ఉన్నది బూజో, బాక్టీరియానో పైకి చూసి గట్టిగా చెప్పడం పెద్ద డాక్టరుకు కూడా కష్టం. రెండింటికీ మందులు వేరు. అందుకే పరీక్ష చేస్తారు. ముందు కంట్లో మత్తు చుక్కలు వేస్తారు. నొప్పి తెలియదు. పుండు మీద నుంచి కొంచెం గీకి గాజుపలక మీద పెడతారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చుక్క వేస్తారు. మిగతాదంతా కరిగి తేటపడుతుంది. బూజు మాత్రం కరగదు. మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు వేసిన దారాల్లాగా కనిపిస్తుంది. ఖరీదైన పరీక్ష కాదు. కాసేపట్లో అయిపోతుంది. ఏ రకం ఫంగస్ అని తేల్చడానికి మాత్రం దాన్ని పెంచి చూడాలి. దానికి రోజులు పడుతుంది.

మందు పేరు నాటమైసిన్. ఇది కూడా మట్టిలోంచే వచ్చింది. దక్షిణాఫ్రికాలో నాటాల్ అనే ప్రాంతపు మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి దీన్ని తయారు చేస్తుందని 1955లో కనిపెట్టారు. ఆ ప్రాంతం పేరే మందుకు వచ్చింది. తరువాత వోరికొనజోల్ అనే కొత్త మందు వచ్చింది. కొత్తది, ఖరీదైనది, కాబట్టి మంచిదే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. అయితే తేల్చి చూద్దామని తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులవారు, అమెరికా డాక్టర్లు కలిసి 2010లో పరీక్ష మొదలుపెట్టారు. 323 మంది రోగులు. కొందరికి పాతది, కొందరికి కొత్తది వేశారు. ఫలితం 2013లో వచ్చింది. పాత మందే గెలిచింది! పాతది వేసినవాళ్ళకు చూపు మెరుగ్గా మిగిలింది. గుడ్డుకు చిల్లు పడటం తగ్గింది. ఫ్యుజేరియం పట్టిన కళ్ళల్లో ఈ తేడా మరీ ఎక్కువ. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాటమైసిన్‌ను అత్యవసర మందుల పట్టికలో చేర్చింది.

ఈ మందు మజ్జిగలాగా తెల్లగా ఉంటుంది. సీసా కుదిపి వేయాలి. మొదట్లో గంటకోసారి వేయమంటారు. వారాల తరబడి వేయాలి. కాస్త నయమనిపించగానే మానేసేవాళ్ళున్నారు. బూజు లోపలే ఉండిపోయి మళ్ళీ లేస్తుంది. పుండు మానినా మచ్చ మిగలొచ్చు. మరీ ముదిరితే చనిపోయినవారు దానం చేసిన కార్నియా తెచ్చి వేస్తారు. అదీ కుదరనప్పుడు గుడ్డే తీసేయాల్సి వస్తుంది. ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మందికి ఈ పుండు వస్తుందని 2021లో ఒక అంచనా వేశారు. అందులో నూటికి ఎనిమిది నుంచి పదకొండు కళ్ళు తీసేయాల్సి వస్తోందట.

మరి పుండు పడకముందే ఆపలేమా? నేపాల్‌లో భక్తపూర్ అనేచోట ప్రయత్నించారు. ఊరి కార్యకర్తలు కంటికి గీత పడినవాళ్ళకు మూడు రోజులు ఆయింట్‌మెంటు వేశారు. దెబ్బ తగిలిన 18 గంటలలోపు వచ్చినవాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదు. ఆ ఫలితం 2001లో వచ్చింది. అందరూ సంతోషించారు. తరువాత నేపాల్‌లోనే ఇంకా పెద్ద ఎత్తున, ఊళ్ళకు ఊళ్ళు తీసుకుని చూశారు. కార్యకర్తలున్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ తేడా కనపడలేదని 2022లో తేలింది. కాబట్టి ఆయింట్‌మెంటు ఉందిలే అని ధీమాగా ఉండటానికి లేదు. ఆలస్యం మంచిది కాదన్న సంగతి మాత్రం మారలేదు.

కంటికి ఆకు కొడితే రుద్దకూడదు. శుభ్రమైన నీళ్ళతో కడగాలి. పాలు, పసరు, ఆముదం పోయకూడదు. మర్నాటికి కూడా ఎరుపు, నీళ్ళు, నొప్పి ఉంటే కంటి డాక్టరు ఉన్న ఆసుపత్రికి పోవాలి. నూర్చేటప్పుడు మామూలు కళ్ళజోడు పెట్టుకున్నా కొంత కాపు. కూలీలకు ఆ జోడు ఆసామి కొనిపెడితే ఆయనేమీ చితికిపోడు.

ఆసుపత్రికి పోయేటప్పుడు అప్పటిదాకా వేసిన చుక్కల సీసా వెంట తీసుకుపోవాలి. డాక్టరు కోప్పడతాడని చాలామంది దాన్ని ఇంట్లోనే దాచిపెట్టి పోతారు. పసరు పోసిన సంగతి కూడా చెప్పరు. ఆ సీసా మీద పేరు చూస్తే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.