ఆ డబ్బు ఎక్కడిదని మనం అడగలేదు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సాలూరు నుంచి ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడూ ఈ మీటింగులో మాకు అవకాశం ఇస్తే పొదుపు ఎంత, లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చదివి కూర్చునేవాళ్లం. ఈసారి వేరే లెక్క చెప్తాం. అది మా మినిట్స్ పుస్తకంలో రాయని లెక్క. మేము పదో తరగతి దాటి చదవలేదు, తప్పులుంటే సర్దుకోండి. మా సంఘంలో ఒక తల్లి ఇంట్లో జరిగిన సంగతి ఇది. చెప్పమని ఆ తల్లే అంది. "నా పేరొద్దు, బాబు పేరొద్దు. మిగతాదంతా చెప్పండి. ఇంకొక ఇల్లు నిలబడుతుంది" అంది.

సాలూరు అంటే లారీల ఊరు అని అందరికీ తెలుసు. విజయనగరం నుంచి కోరాపుట్ వైపు పోయే 26వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదనుంచే పోతుంది. డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో, బాడీ కట్టే మేస్త్రో, టైర్లకు పంచరు వేసేవాడో లేని వీధి మన ఊళ్లో లేదు. మన సంఘాల్లో సగం మంది ఇళ్లు లారీ చక్రం మీదే నడుస్తున్నాయి. మగవాళ్లు లోడు ఎక్కితే పది, పన్నెండు రోజులు ఇంటికి రారు. అప్పుడు ఇంటికి ఆడమనిషే అమ్మ, అమ్మే నాన్న.

ఆ తల్లి ఇల్లూ అలాంటిదే. భర్త ఇరవై ఏళ్ల నుంచి డ్రైవరు. ఉన్నది ఒక్కడే కొడుకు. ఇంటరు మొదటి ఏడాది తప్పేడు. తండ్రి ట్రిప్పు దిగి ఇంటికొస్తే నిద్ర, లేస్తే కోపం. "చదవకపోతే నాతో క్లీనరుగా రా" అనేవాడు. గుంటడు ఎదురు చెప్తే చెయ్యి లేచేది. తండ్రి చెడ్డవాడు కాదండీ. తాగడు. వచ్చిన బత్తా తెచ్చి భార్య చేతిలో పెడతాడు. కాకపోతే ఆ ప్రేమ ఎలా చూపించాలో అతనికి తెలీదు. మన మగవాళ్లలో చాలామందికి తెలీదు.

వీధి చివర జంక్షన్లో ఇంకొకడు ఉండేవాడు. పిల్లలంతా అతన్ని "అన్న" అనేవారు. ఏం పని చేస్తాడో ఎవరికీ తెలీదు. చేతినిండా డబ్బు, రెండు ఫోన్లు. మా గుంటడు కనిపిస్తే పేరుపెట్టి పిలిచేవాడు, భుజం మీద చెయ్యేసేవాడు, బిరియానీ పెట్టించేవాడు. పరీక్ష ఫీజుకి డబ్బు లేదంటే అప్పటికప్పుడు తీసి ఇచ్చేడు. కొత్త ఫోను కొనిచ్చి "తర్వాత ఇద్దువులే" అన్నాడు. తర్వాత బండి తాళం ఇచ్చేడు. తర్వాత ఒక బ్యాగు ఇచ్చి "విజయనగరం బస్టాండులో ఒకాయన వస్తాడు, ఇచ్చీసి రా" అన్నాడు. తిరిగొచ్చేక చేతిలో పెట్టిన డబ్బు, తండ్రి ఘాట్లు ఎక్కి దిగి వారం రోజులు తెచ్చిన బత్తా కంటే ఎక్కువ.

ఆ గుంటడు తర్వాత మాతో ఒక మాటన్నాడు. "పిన్నీ, నాన్న ఇంటికొస్తే నాలో తప్పులే కనబడతాయి. అన్న కనిపిస్తే తిన్నావా అని అడుగుతాడు. నేనేం చెయ్యను?" ఈ మాటకి మా దగ్గర జవాబు లేకపోయింది. తల్లులందరం ఆ రాత్రి మన పిల్లల్ని చివరిసారి ఎప్పుడు తిన్నావా అని అడిగేమో గుర్తుచేసుకున్నాం.

ఇప్పుడు మా తప్పు చెప్తాం. ఆ ఏడు ఆ తల్లి రెండు నెలలు కిస్తీ కట్టలేకపోయింది. మూడో నెల మూడు కిస్తీలూ ఒకేసారి తెచ్చి పెట్టింది. అన్నీ ఐదువందల నోట్లు. మేము లెక్కపెట్టుకున్నాం, రాసుకున్నాం, "రికవరీ నూటికి నూరు" అని చప్పట్లు కొట్టేం. ఎక్కడిదమ్మా అని ఒక్కరం అడగలేదు. ఆమెకీ సగం తెలుసు, సగం తెలుసుకోవాలని లేదు. బియ్యం డ్రమ్ము కింద దొరికింది ఆ డబ్బు. "పార్ట్ టైము పని చేసేనమ్మా" అన్నాడు కొడుకు. నమ్మింది. ఇంకో సంగతి. ఆ ఏడు మా వీధి వినాయక చవితి పందిరికి అందరికంటే ఎక్కువ చందా రాసింది ఆ అన్నే. మైకులో అతని పేరు చెప్పినప్పుడు మేమూ విని ఊరుకున్నాం. పిల్లలు అది చూసేరు కదా. ఎవరికి గౌరవం ఇస్తున్నామో వాళ్లు మన దగ్గరే నేర్చుకున్నారు.

ఆ బ్యాగులో ఏముందో ఈపాటికి మీ అందరికీ అర్థమయ్యే ఉంటుంది. గంజాయి. 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించేరు. అయినా కొండల అవతల ఒడిశా వైపు నుంచి సరుకు దిగుతూనే ఉంది. పాచిపెంట దాటి, పి.కోనవలస ఘాట్ ఎక్కితే సుంకి, అక్కణ్ణుంచి పొట్టంగి, కోరాపుట్. మన మగవాళ్లు బువ్వ కోసం ఎక్కే ఘాటే అది. ఆ రోడ్డు మనకి అన్నం పెట్టింది. అదే రోడ్డు మీద మన పిల్లల కోసం కాసుకున్నోళ్లూ ఉన్నారు.

ఒకరోజు ఆ అన్న గుంటణ్ణి పిలిచి, "మీ నాన్న ఎల్లుండి లోడు ఎక్కుతున్నాడంట. రాత్రి బండి షెడ్డు దగ్గరే ఉంటుంది. క్యాబిన్ వెనక రెండు పార్సిళ్లు పెట్టీ. మీ నాన్నకి చెప్పక్కర్లేదు. దిగినచోట మావాళ్లే తీసుకుంటారు" అన్నాడు. గుంటడు నోరు మెదపలేదు. "ఫోను డబ్బు, ఫీజు డబ్బు, ఖర్చులకి ఇచ్చింది అంతా కలిపి పదిహేను వేలు ఉంది. ఈ ఒక్క పనితో చెల్లు" అన్నాడు. తిన్నావా అని అడిగిన నోరే అది.

అక్కల్లారా, అప్పటిదాకా ఆ పిల్లాడికి నాన్న ఒక పక్క, అన్న ఒక పక్క. ఎటు వెళ్లినా తనొక్కడిదే అనుకున్నాడు. ఆ రోజు మొదటిసారి, తన చేత్తో నాన్న మెడకే ఉరి వేయమంటున్నారని అర్థమైంది. రెండు రాత్రులు అన్నం ముట్టలేదు. రెండో రాత్రి రెండు గంటలప్పుడు తల్లిని లేపి, "అమ్మా, నాన్నని ఈ ట్రిప్పుకి పంపకు" అని ఏడ్చేడు. మొత్తం చెప్పీసేడు.

ఆ తల్లి తెల్లారకుండానే మా తలుపు కొట్టింది. మేము అయిదుగురం వెళ్లేం. తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. విన్నాక లేచేడు. కొడతాడనే అనుకున్నాం, అడ్డం నిలబడ్డాం. కొట్టలేదు. కొడుకు ముందు కింద కూర్చుని, "నువ్వు చెప్పకపోతే నేను ఏ చెక్‌పోస్టు దగ్గరో చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి కదరా" అన్నాడు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి అలా ఏడవడం మేము ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు తండ్రి లోడు ఎక్కలేదు. పగలు పదకొండింటికి, జంక్షన్లో అందరూ ఉండగా, మేము సంఘం వాళ్లం కలిసి వెళ్లేం. అంతకుముందే అత్యవసర మీటింగు పెట్టి, తీర్మానం రాసి, ఆ తల్లికి పదిహేను వేలు అంతర్గత అప్పు ఇచ్చేం. ఆ డబ్బు ఆ అన్న చేతిలో పెట్టి, "లెక్క సరిపోయింది బాబూ. ఇక మా గుంటడి దగ్గరికి రావద్దు. నువ్వు పిలిస్తే మేమందరం వస్తాం" అన్నాం. కాళ్లు వణకలేదని అబద్ధం చెప్పం. వణికేయి. అయినా పదిమంది కాళ్లు కలిసి వణికితే ఎవడికీ కనబడదు. సాయంత్రం పోలీసులకి ఫోన్లో సంగతి చెప్పేం. వారం తిరక్కుండా ఆ మనిషి జంక్షన్లో కనబడ్డం మానేసేడు.

ఇక్కడితో కథ బాగుంది కదా అనుకోకండి. అదే అన్న దగ్గర తిరిగిన ఇంకో పిల్లాడున్నాడు. మా పక్క వీధి. వాడు ఎవరికీ చెప్పుకోలేదు. బస్సులో దొరికేడు. ఇరవై కిలోలు దాటింది. పద్దెనిమిది నిండి కొన్ని నెలలే అయింది. వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి లాయరు చుట్టూ తిరుగుతోంది. ఆ అన్న ఫోను కలవడం లేదు. ఆ తల్లి మన సంఘాల్లో లేదు, రాత్రి రెండింటికి తట్టే తలుపు ఆమెకి లేకపోయింది. మాకు అది ఇప్పటికీ బాధ.

చట్టం సంగతి మేము తెలుసుకున్నంత చెప్తాం, ఇంటికెళ్లి మగవాళ్లకీ పిల్లలకీ చెప్పండి. మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. గంజాయి ఒక కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి ఇరవై కిలోల లోపైతే పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకి తక్కువ కాకుండా జరిమానా. అలాంటి కేసులో బెయిలు రావడం చాలా కష్టం. సరుకు మోసిన బండిని కూడా జప్తు చేస్తారు. తనకి తెలీకుండా జరిగిందని బండివాడే రుజువు చేసుకోవాలి. ఫైనాన్సులో తీసుకున్న లారీ పోతే ఆ ఇంటికి ఏం మిగులుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వు చిన్నోడివి, నీకేం కాదు" అని ఈ అన్నలు పిల్లలకి చెప్తారు. పద్దెనిమిది లోపు పిల్లల్ని బాలల న్యాయ మండలి ముందు పెడతారు, నిజమే. కానీ పిల్లల చేత మత్తుమందు మోయించినవాడికి, అమ్మించినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. ఈ మాట అన్నలు చెప్పరు. మనమే చెప్పాలి.

అనుమానం ఉంటే 1972కి ఫోన్ చెయ్యొచ్చు. మన రాష్ట్రంలో గంజాయి మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు అది. పిల్లలకి ఆపద అయితే 1098. అలవాటు పడిపోయిన పిల్లాడుంటే దాచకండి, 14446కి చేస్తే మాన్పించే చోటు చెప్తారు. అలవాటు ఉన్నవాడు దొంగ కాదు, జబ్బు మనిషి.

మన పొదుపు ఉద్యమం ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ గారూ, ఆ ఊరి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించేరు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు చేసిన పని అది. అప్పుడు సారా దుకాణం ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడు దుకాణం మన పిల్లాడి భుజానికి తగిలించిన బ్యాగులో ఉంది. అందుకే ఎదుటివాడి దుకాణం కంటే ముందు మన ఇంట్లో చూసుకోవాలి.

మా సంఘం నాలుగు తీర్మానాలు చేసుకుంది. మీకు నచ్చితే మీరూ చేసుకోండి.

ఒకటి, కిస్తీ ఒక్కసారిగా ఎక్కువ కడితే ఎక్కడిదని ప్రేమగా అడుగుతాం. అవమానించడానికి కాదు, కాపాడుకోడానికి.

రెండు, పిల్లాడి చేతిలో కొత్త ఫోను, కాగితాల్లేని బండి కనబడినా, "మీ ఖాతాలో డబ్బు వేస్తాం, తీసి ఇవ్వండి" అని ఎవరైనా అడిగినా, ఆ రోజే మీటింగులో చెప్తాం. మన పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వం.

మూడు, ఊరూ పేరూ లేని డబ్బుతో పందిరి వెయ్యం. చిన్న పందిరైనా మన చందాతోనే.

నాలుగు, నెలకొకసారి భర్తల్నీ పిలిచి కూర్చోబెడతాం. లారీ దిగిన రోజు మొదటి మాట తిట్టు కాకూడదని చెప్తాం. ఈ నాలుగోదానికి మా ఇళ్లల్లోనే గొడవలయ్యేయి. అయినా పెట్టేం. మొదటి నెల ముగ్గురు వచ్చేరు. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు.

ఆ గుంటడు ఏం చేస్తున్నాడని అడుగుతారు. బాడీ షెడ్డులో వెల్డింగు నేర్చుకుంటున్నాడు. తప్పిన సబ్జెక్టులకి ఫీజు కట్టేడు, అది తన కూలి డబ్బే. తండ్రీ కొడుకులు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడుకోరు. కానీ తండ్రి ఏ ఊళ్లో ఆగినా రాత్రి ఒక ఫోను చేస్తాడు. మొన్న ఆ తల్లి నవ్వుతూ చెప్పింది. ఫోనెత్తగానే ఆయన అడిగేది ఒక్కటేనంట, "తిన్నావా?" అని.

ఆ పదిహేను వేలలో ఆరు కిస్తీలు అయిపోయేయి. ప్రతి కిస్తీకి ఎక్కడిదని అడుగుతున్నాం. "కొడుకు కూలిది" అని ఆమె గట్టిగా చెప్తోంది. ఈ ఏడు మా సంఘంలో మాకు నచ్చిన లెక్క అదే.