దెబ్బ మానినా తలనొప్పి మానకపోతే...
(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన రావులపాలెం ఎలాంటి ఊరో మీకు నేను చెప్పనక్కరలేదు. గౌతమి వంతెన దిగితే కోనసీమ గుమ్మం. జాతీయ రహదారి మీద పగలూ రాత్రీ లారీలు. అరటి మార్కెట్టుకు గెలలతో వచ్చే సైకిళ్లు, ఆటోలు, వ్యానులు. చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే కార్మికులు. కాబట్టి తలకు దెబ్బ తగలడం మన ప్రాంతంలో కొత్త విషయం కాదు.

దెబ్బ తగిలిన రోజున ఏం చేయాలో మీలో చాలామందికి తెలుసు. 108కి ఫోను చేస్తారు, ఆసుపత్రికి తెస్తారు, స్కాను తీయిస్తారు. ఈ రోజు నేను ఆ రోజు గురించి మాట్లాడను. ఆ తరువాత వచ్చే నాలుగో నెల గురించి మాట్లాడతాను. కుట్లు మానిపోయి, జుట్టు పెరిగిపోయి, చూసేవారికి మనిషి బాగానే కనిపిస్తున్నప్పుడు మీరు అడిగే ప్రశ్న ఇది: "స్కానులో ఏమీ లేదన్నారు కదండీ, మరి మావాడికి రోజూ ఈ తలనొప్పి ఏమిటండీ?"

ఈ నొప్పి నిజమైనదే

తలకు దెబ్బ తగిలిన ఏడు రోజుల లోపల మొదలై, మూడు నెలలు దాటినా తగ్గని తలనొప్పిని వైద్యులు దీర్ఘకాల తలనొప్పిగా పరిగణిస్తారు. ఇది పెద్ద దెబ్బలకే కాదు, చిన్న దెబ్బ తరువాత కూడా రావచ్చు. ఎముక విరిగిందా, రక్తం గడ్డ కట్టిందా అన్నది స్కాను చూపిస్తుంది. నొప్పిని తెలిపే నరాల వ్యవస్థ ఎంత సున్నితంగా మారిపోయిందో అది చూపించలేదు. కావున "స్కాను బాగుంది" అంటే "నొప్పి లేదు" అని అర్థం కాదు. దయచేసి "నాటకాలాడుతున్నాడు" అన్న మాట మీ ఇంట్లో వినబడనివ్వకండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. పాతికేళ్ల కుర్రవాడు, మార్కెట్టులో గెలలు ఎత్తే పని. మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. మూడు నెలలైనా తలనొప్పి పోలేదు. పనికి వెళ్తే నొప్పి ఎక్కువవుతుందని భయపడి మానేశాడు. తల్లి "కదలకు నాన్నా, పడుకో" అంటుంది. పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే తెల్లవారేసరికి నొప్పి మరింత పెరుగుతుంది. "మెదడులో ఏదో ఉండిపోయింది, వీళ్లు నాకు చెప్పడం లేదు" అని దిగులు. దిగులుతో మెడ, భుజాలు బిగుసుకుంటాయి. మళ్లీ నొప్పి. తండ్రి ఒకరోజు విసుగెత్తి "ఎన్నాళ్లురా ఇలా?" అంటాడు. ఇందులో తప్పు చేసినవారు ఎవరూ లేరు. కానీ ఇంటిల్లిపాదీ ఒక చక్రంలో చిక్కుకుపోయారు.

దీనికి తోడు మందుల షాపులో కొనే మాత్రలు. సాధారణ నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేక అంతకంటే ఎక్కువగా, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు లేక అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రల వల్లనే తలనొప్పి వచ్చే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో అలా జరుగుతుంటే ఎన్ని మాత్రలు వాడుతున్నారో దాచకుండా వైద్యునికి చెప్పండి. మీ అంతట మీరు ఒక్కసారిగా మాన్పించకండి.

ఆలోచనా ప్రవర్తనా చికిత్స అంటే ఏమిటి?

ఈ చక్రాన్ని తెంచడానికి ఉపయోగపడే ఒక చికిత్స పేరు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పొట్టిగా సి.బి.టి. అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ ఆరన్ బెక్ 1960ల్లో దీనిని మానసిక కుంగుబాటు కోసం రూపొందించారు. తరువాత దీర్ఘకాల నొప్పులకు కూడా వాడసాగారు. ఇందులో మందు, ఇంజెక్షను ఉండవు. సైకాలజిస్టు రోగితో వారానికి ఒకసారి మాట్లాడి, కొన్ని అలవాట్లు నేర్పి, ఇంటి దగ్గర సాధన చేయిస్తారు.

"అయితే మావాడికి పిచ్చి అంటారా?" అని కొందరు అడుగుతారు. కాదు. కాలు విరిగి కట్టు విప్పిన తరువాత ఫిజియోథెరపీ చేయిస్తాం కదా! అది కాలికి సాధన. ఇది నొప్పితో సతమతమవుతున్న మనిషికి సాధన.

ఈ చికిత్స గురించి మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తలకు దెబ్బ తగిలి తలనొప్పితో, యుద్ధ భయాలతో బాధపడుతున్న 193 మంది మాజీ సైనికులపై అమెరికాలో జరిపిన పరిశోధన 2022లో వెలువడింది. సి.బి.టి. పొందినవారికి తలనొప్పి వల్ల రోజువారీ జీవితంలో కలిగే ఆటంకం, మామూలు చికిత్స పొందినవారితో పోల్చితే తగ్గింది. కానీ డెన్మార్కులో 2014లో వెలువడిన మరొక పరిశోధనలో బృందంగా ఇచ్చిన ఈ చికిత్సతో తలనొప్పి తగ్గలేదు. కావున ఇది మంత్రం కాదు. "నొప్పి పూర్తిగా పోతుంది" అని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. నొప్పి కొంత ఉన్నా మనిషి తిరిగి తన బ్రతుకులోకి రావడమే దీని లక్ష్యం.

ఆన్‌లైనులో ఎందుకు?

నొప్పితో ఉన్నవారికి బస్సు కుదుపులు, ఎండ, హారన్ల మోత పడవు. రాజమండ్రికో కాకినాడకో ప్రతి వారం తీసుకెళ్లాలంటే తోడు వెళ్లేవారి కూలి కూడా పోతుంది. నాలుగు వారాలు వెళ్లి మానేస్తారు. ఫోను ద్వారా అయితే ఇంట్లోనే కూర్చుని కొనసాగించవచ్చు. దీర్ఘకాల నొప్పులకు దూరం నుంచి ఇచ్చే సి.బి.టి.తో కొద్ది మేరకైనా మేలు కలుగుతోందని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. మన దేశంలో 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చిన తరువాత ఫోనులో వైద్య సలహా పొందడం సులభమైంది.

అయితే ముందుగా వైద్యుడు రోగిని ఎదురుగా ఒకసారి పరీక్షించాలి. ఆ తరువాతనే ఫోను. చికిత్స చేసేవారు భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు అవునో కాదో అడిగి తెలుసుకోండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు.

ఏమేమి చేయిస్తారు?

మొదటిది డైరీ. నొప్పి ఎప్పుడు వచ్చింది, 0 నుంచి 10 వరకు ఎంత ఉంది, అప్పుడు ఏం చేస్తున్నారు, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, ఏ మాత్ర వేసుకున్నారు. చదువు రానివారి కోసం ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు.

రెండవది విశ్రాంతి సాధన. నెమ్మదిగా శ్వాస తీసుకోవడం, నుదురు, దవడ, మెడ, భుజాలు ఒక్కొక్కటిగా బిగించి వదలడం.

మూడవది పని కొలత. నొప్పి తగ్గిన రోజున రెండు రోజుల పని చేసి, మర్నాడు మంచం ఎక్కడం మనవాళ్లకు అలవాటు. అలా కాక, గడియారం చూసి రోజూ పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారం వారం కొద్దికొద్దిగా పెంచుతారు.

నాలుగవది ఆలోచన. "నేనిక పనికిరాను" అన్న మాటను కాగితం మీద రాయించి, అది ఎంతవరకు నిజమో అడుగుతారు. "నొప్పి ఉంది, కానీ వైద్యులు పరీక్షించి ప్రమాదం లేదన్నారు. నిన్న పావుగంట నడిచాను" అన్న మాట అబద్ధపు ధైర్యం కాదు, జరిగిన విషయమే.

ఐదవది నిద్ర. రోజూ ఒకే వేళకు లేవడం, పగటి నిద్ర తగ్గించడం, సాయంత్రం తరువాత టీ, కాఫీలు మానడం.

తెర వెలుగు కొందరికి నొప్పి పెంచుతుంది. అటువంటప్పుడు వెలుగు తగ్గించండి, లేదా వీడియో ఆపి మాట మాత్రమే వినండి. గంట కూర్చోలేకపోతే అరగంట చొప్పున రెండుసార్లు పెట్టమని అడగండి. తలుపు వేసిన గది, చెవిలో ఇయర్‌ఫోను ఉంటే రోగి మనసు విప్పి మాట్లాడగలుగుతారు. ఆ సమయంలో మీరు పక్కన నిలబడి జవాబులు అందించకండి.

కుటుంబం చేయవలసినది

గంట గంటకూ "నొప్పి ఎలా ఉంది?" అని అడగకండి. నొప్పి మరచిన క్షణంలో మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది. "ఈ రోజు ఏం చేశావు?" అని అడగండి. మంచం దగ్గరకే అన్నీ అందించకుండా చిన్న పనులు చేయనివ్వండి. చేసిన పనిని మెచ్చుకోండి. మద్యం దగ్గరకు రానివ్వకండి. మళ్లీ బండి ఎక్కే రోజు వైద్యునే నిర్ణయించనివ్వండి. ఎక్కిన రోజున హెల్మెట్టు పెట్టుకుని, దాని పట్టీ బిగించుకునేలా చూడండి.

ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం ఫోను చికిత్స కోసం ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి: రోజురోజుకూ పెరిగే తలనొప్పి, పదే పదే వాంతులు, మత్తుగా పడి ఉండడం, మూర్ఛ, మాట తడబడడం, ఒక పక్క కాలు చేయి బలహీనపడడం, చూపు మారడం, ముక్కు లేక చెవి నుంచి నీరు కారడం. వృద్ధుల్లో, మద్యం అలవాటు ఉన్నవారిలో, రక్తం పలుచబడే మందులు వాడేవారిలో దెబ్బ తగిలిన కొన్ని వారాల తరువాత కూడా తలలో రక్తం చేరవచ్చు.

దిగులు ఎక్కువై "నేను బ్రతికి ఏం లాభం?" అన్న మాట వస్తే తేలికగా తీసుకోకండి. వారిని ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అది తలనొప్పికి ప్రత్యేకమైన చికిత్స కాదు గాని, మనసు బాధకు సహాయం చేసి దారి చూపిస్తుంది. అదే నెంబరు మీకు కూడా. నెలల తరబడి సేవ చేసి అలసిపోయినవారికీ ఒకరు వినేవారు కావాలి.

చివరిగా ఒక్క మాట. ఇకపై మీ ఇంట్లో లెక్క మార్చండి. "నొప్పి ఎంత తగ్గింది?" అన్నది ఒక్కటే లెక్క కాదు. ఈ వారం ఎన్ని రోజులు స్నానం చేసి బయటకు వచ్చాడు, ఎన్ని పూటలు అందరితో కూర్చుని భోంచేశాడు, పిల్లలతో ఎంతసేపు మాట్లాడాడు అన్నవి రాసి పెట్టుకోండి. ఆ అంకెలు పెరుగుతుంటే, నొప్పి ఇంకా కొంత ఉన్నా, మీవాడు కోలుకుంటున్నట్టే.

 సందేహాలుంటే మొహమాటపడకుండా అడగండి.