కర్త ఎవరు? కర్మ ఏది?

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మలేసియాలో మాది మూడవ తరము. మా తాతగారు రబ్బరు తోట పనికి సముద్రము దాటి వచ్చారు. మేము పగటి బడిలో మలాయ్ భాషలో పాఠాలు చెప్పి బ్రతికినవారము. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది పెద్దయిన తరువాత, సాయంత్రపు తరగతిలో. ఇప్పుడు అదే తరగతిలో పిల్లలకు చెబుతున్నాము. మా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. వ్యాకరణమని భయపడి ఎవరూ లేచిపోవద్దు. భోజనాల వేళకు ముందే ముగిస్తాము.

ఒకనాడు నల్లబల్ల మీద "కర్త, కర్మ, క్రియ" అని వ్రాయగానే ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, కర్మ అంటే తలరాత కదా? మా నాయనమ్మ 'నా కర్మ' అని తల కొట్టుకుంటుంది" అన్నాడు. అందరమూ నవ్వాము.

ఈ మూడు మాటలకూ మూలము ఒక్కటే. సంస్కృతములో "కృ" అంటే చేయుట. చేసేవాడు కర్త, చేసే పని క్రియ, ఆ పని ఎవరికి, దేనికి తగులుతుందో అది కర్మ. "అమ్మ పాపను పిలిచింది." ఎవరిని పిలిచింది? పాపను. ఇట్లా "ఎవరిని, దేనిని" అన్న ప్రశ్నకు జవాబు వస్తే అది సకర్మక క్రియ. "పాప నిద్రపోయింది." దేనిని నిద్రపోయింది అని అడిగితే పిల్లలే నవ్వుతారు. అది అకర్మక క్రియ. మన పిల్లలు బడిలో చదివే ట్రాన్సిటిఫ్, తా ట్రాన్సిటిఫ్ ఇవే.

ఇక్కడ మన పిల్లలకు ఒక చిక్కు ఉన్నది. మలాయ్‌లో "కుచింగ్ మెంగెజార్ తికుస్" అంటే పిల్లి ఎలుకను తరిమింది. మాటలు తారుమారు చేస్తే ఎలుకే పిల్లిని తరుముతుంది! తెలుగులో "పిల్లి ఎలుకను తరిమింది" అన్నా, "ఎలుకను పిల్లి తరిమింది" అన్నా పిల్లికి లోటు లేదు. ఆ చిన్న "ను" కర్మను కాపాడుతుంది. అదే ద్వితీయా విభక్తి. "అన్నము తిన్నాడు" అన్నప్పుడు "ను" లేకపోయినా ఫరవాలేదు, అన్నము మనిషిని తినదు కనుక. కాని మన పిల్లలు "అమ్మ పాప పిలిచింది" అంటారు. ఎవరు ఎవరిని పిలిచారు? ఇంట్లో తెలుగు తగ్గినప్పుడు ఇట్లాంటి చిన్న అక్షరాలే ముందు జారిపోతున్నాయి.

ఇంకొక సంగతి. తెలుగులో క్రియలు జంటలుగా ఉంటాయి: మారు, మార్చు, కాలు, కాల్చు, విరుగు, విరుచు. మొదటిది అకర్మకము, రెండవది సకర్మకము. మలాయ్‌లోనూ పెచాః అంటే పగులు, మెమెచాహ్కన్ అంటే పగులగొట్టు. వంటింట్లో చప్పుడైతే మనవడు పరుగెత్తుకు వచ్చి "గ్లాసు పగిలింది" అంటాడు. "పగులగొట్టాను" అనడు! అకర్మక క్రియలో గ్లాసే కర్త అయి కూర్చుంటుంది, అసలు చేసినవాడు తప్పించుకుంటాడు.

పిల్లవాణ్ణి చూసి నవ్వుతాము. కాని పెద్దలమైన మనము చేసేదేమిటి? ఏ సభలో చూసినా "మా ఇంట్లో తెలుగు పోయింది" అంటాము. అది అకర్మకము. తెలుగే లేచి ఎక్కడికో వెళ్ళిపోయినట్టు! "మేము తెలుగును పోగొట్టుకున్నాము" అని సకర్మకముగా చెప్పి చూడండి. నోరు తిరగదు, మనసు నొచ్చుకుంటుంది. మా ఇంట్లోనూ అంతే. మేము పరుల పిల్లలకు పాఠాలు చెప్పి, మా పిల్లలతో తెలుగులో మాట్లాడలేదు. ఆ వాక్యములో కర్త మేమే.

ఆ క్రియను మార్చవచ్చు. నేర్చు అన్న మాట ప్రక్కనే నేర్పు అన్నది ఉన్నది. "మేము మనవలకు తెలుగును నేర్పుతున్నాము." కర్త మేము, కర్మ తెలుగు.

కర్త తన పనితో అన్నిటికంటె ఎక్కువగా దేనిని అందుకోగోరుతాడో అదే కర్మ అని పాణిని మహర్షి చెప్పాడు. అట్లా చూస్తే కర్మ తలరాత కాదు, మనము కోరుకున్నది.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మనవరాలు "అమ్మ పాప పిలిచింది" అంటే కోప్పడవద్దు. "ఎవరిని, తల్లీ?" అని అడగండి. "పాపను" అని తానే దిద్దుకుంటుంది.