నాలుగు బొమ్మలు, ఒక థీసిస్



లెక్కల విలువ ఉద్యమంలో తెలిసొచ్చింది మనకు. 1985లో వచ్చిన 610 జీవో ఉద్యోగుల నోట్లో, విద్యార్థుల నోట్లో ఎంత నానిందో మీకు చెప్పే పనిలేదు. పాటతో పాటు లెక్క కూడా ఊరూరా తిరిగింది. 2014లో రాష్ట్రం వచ్చింది. మరి యూనివర్సిటీల్లో లెక్క తీసే పని ఏమైంది? ముందు మా తప్పు ఒప్పుకుంటం. డిసర్టేషన్ బైండింగ్ చేయించి, గైడుకొకటి, లైబ్రరీకొకటి ఇచ్చి చేతులు దులుపుకున్నోళ్లం మేము. ఎవరి గురించి రాసినమో వాళ్లకు ఒక్క పేజీ చదివి వినిపించలేదు. అందుకే ఇయ్యాల అమెరికాలో ఒక విద్యార్థిని చేసిన పని చెప్పుకుందాం.

ఆమె పేరు మేమీ ఫిప్స్ క్లార్క్. ఆర్కన్సాలో నల్లవాళ్లకు వేరుగా పెట్టిన బడుల్లో చదివింది. బడి ఈడు రాని నల్లపిల్లలకు తామెవరన్న ఎరుక ఎట్లా కలుగుతది? హోవర్డ్ యూనివర్సిటీలో 1939 నాటి ఆమె థీసిస్ దాని మీదనే. అప్పుడు బొమ్మగీతలు చూపించి అడిగింది. తర్వాత భర్త కెన్నెత్ క్లార్క్‌తో కలిసి నాలుగు బొమ్మలు పట్టుకుని పిల్లల దగ్గరికి పోయింది. అన్నీ ఒకే తీరు, రంగే తేడా. ఏది మంచిది? ఏది చెడ్డది? నీలెక్క ఉన్నదేది? ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నరు. చివరి ప్రశ్నకు కొందరు ఏడ్చిండ్రు.

సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో నల్లపిల్లల తల్లిదండ్రులు మొదట అడిగింది ఒక్క బస్సు. ఇయ్యలేదు. అది ముదిరి బడుల కేసయింది. 1951లో కెన్నెత్ ఆ బొమ్మలతోనే అక్కడికి పోయిండు. 16 మంది పిల్లల్లో 11 మంది గోధుమరంగు బొమ్మే చెడ్డదన్నరు. ఆ మాట కోర్టుకెక్కింది. కేసుకు పేరిచ్చిన హ్యారీ బ్రిగ్స్ కొలువు పోయింది, ఆయన భార్య కొలువూ పోయింది.

అదే ఏడు ఏప్రిల్ 23న వర్జీనియాలో పదహారేళ్ల బార్బరా జాన్స్ తన బడిలో సమ్మె చేయించింది. తారుకాగితం షెడ్లల్లో చదువేందని 450 మంది దాకా బయటికొచ్చిండ్రు. థీసిస్ గొప్పదా, ధర్నా గొప్పదా అని మన దగ్గర తగువు పడతరు. అక్కడ రెండూ ఒకే కోర్టు మెట్లెక్కినయి. 1954 మే 17న సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మందీ ఒక్కమాటగా, సర్కారు బడుల్లో వేరు పెట్టుడు చెల్లదన్నరు. తీర్పు ఫుట్‌నోట్‌లో కెన్నెత్ పేరుంది, మేమీ పేరు లేదు. ఆడపిల్ల చాకిరీ లెక్కకు రాకపోవుడు అక్కడా ఇంతే!

తీర్పు వచ్చినంక నల్లబడులు మూసి, వేలమంది నల్ల టీచర్లను ఇంటికి పంపిండ్రు. వాళ్ల కొలువుల ఊసు ఆ తీర్పులో లేదు. బార్బరా కౌంటీలోనైతే పిల్లలను కలిపి కూచోబెట్టే కన్నా బడే వద్దని 1959 నుంచి 1964 దాకా సర్కారు బడులకు తాళమేసిండ్రు.

మేమీ మాత్రం తీర్పు కోసం ఆగలేదు. 1946లోనే భర్తతో కలిసి హార్లెంలో పిల్లల కోసం నార్త్‌సైడ్ అనే కేంద్రం తెరిచింది. మందబుద్ధి అని బడి ముద్రేసిన పిల్లలను మళ్లా పరీక్షించి, చాలామంది మీద ఆ ముద్ర తప్పని తేల్చింది. తల్లిదండ్రుల చేతికి ఆధారం దొరికింది.

మీలో ఈ ఏడు డిసర్టేషన్ రాస్తున్నోళ్లున్నరు. హాస్టల్ పిల్లలను అడిగి రాసినోళ్లు, సెలవులకు ముందే ఆ హాస్టల్‌కే పోండి. తల్లిదండ్రులను పిలిచి, వార్డెన్ ముందర చదవండి. పిల్లల పేర్లు తీసేసి మాకు పంపండి, అచ్చేస్తం.