గంట కొట్టకముందే
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు 5 నిమిషాలు ఇచ్చారు. అంతకుముందే దిగిపోతాను. ఎందుకో చెప్తాను.

పదిహేనేళ్ల కిందట విశాఖలో ఒక సదస్సు. కరిగిన ఇనుము మోసే లేడిల్ లోపలి ఇటుకలు ఎందుకు త్వరగా అరుగుతున్నాయన్నది నా పేపరు. ప్రశ్నలతో కలిపి 20 నిమిషాలు. నేను 42 స్లైడ్లు పట్టుకెళ్లాను. ఏడాది కష్టం కదా, ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. ఇనుము చరిత్ర దగ్గర మొదలుపెట్టాను. గంట మోగేసరికి 19వ స్లైడ్ మీదున్నాను. అసలు ఫలితం 36లో ఉంది. చివరి స్లైడ్‌లో ఇంకొకటుంది: ఇటుకలు ఏ చోట ముందు అరుగుతున్నాయో అందరికన్నా ముందు గమనించిన మేస్త్రీ గారి పేరు. సభకు ఆయన్ని పిలిచింది నేనే. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి వెనక వరసలో కూర్చున్నారు. బయటికొచ్చాక "బాగుంది సార్" అన్నారు. అంతే. మరుసటి ఏడు రిటైరయ్యారు.

అప్పట్నుంచి లెక్క మార్చాను. 20 నిమిషాల్లో 5 ప్రశ్నలకి. మిగిలిన 15లో నా మాట 12. అదీ కళ్లతో చదివి కాదు, ఇంట్లో గడియారం పెట్టుకుని, నిలబడి, పైకి చెప్పి చూసుకున్న 12. తక్కిన మూడూ మైకు సర్దడానికి, అధ్యక్షుల వారి పరిచయానికి, ముందు మాట్లాడినాయన తినేసిన టైముకి. ఫలితం రెండో నిమిషంలోనే చెప్పేస్తాను, దాని వెంటనే సాయపడినవాళ్ల పేర్లు. టైము చాలకపోతే తీసేసే స్లైడ్లకి ముందే గుర్తు పెట్టుకుంటాను.

సాంకేతిక విషయం కుదించలేమంటారు. మన స్టీల్ ప్లాంట్‌లో ఎర్రగా కాలిన కోక్‌ని నీళ్లతో కాకుండా నత్రజని వాయువుతో చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు. అర నిమిషం పట్టలేదు కదా? ఇంకా కావాలన్నవాళ్లు టీ దగ్గర పట్టుకుని అడుగుతారు. ప్రపంచమంతా చూసే టెడ్ ప్రసంగాలకే 18 నిమిషాల హద్దు.

నిజానికి ఇదంతా ఈ బడిలో చూసిందే. లెక్కల మాస్టారు గంటకి పది నిమిషాల ముందే సుద్దముక్క కింద పెట్టి, "ఇప్పుడు మీరడగండ్రా" అనేవారు. ఇంజినీరునయ్యాక మర్చిపోయాను.

ఇంకా టైముంది. ఆ మేస్త్రీ గారిది మన సబ్బవరం పక్క ఊరే. నిన్న వెళ్లి పిలిచాను, వచ్చారు. మేస్త్రీ గారూ, ఒక్కసారి లేచి నిలబడండి.