వైద్యం: సాయమా, హక్కా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీకి సాయం కోరుతూ వచ్చే అర్జీల్లో పిల్లల ఫీజులుంటాయి, పెళ్లి ఖర్చులుంటాయి. కాని మనల్ని ఎక్కువ కలవరపెట్టేవి ఆసుపత్రి బిల్లులే. ఫీజు ఒకసారి కడితే ఆ ఏడాదికి సరిపోతుంది. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు అలా కాదు. ఈ నెల మనం మందులు కొనిస్తే, వచ్చే నెల ఆ ఇంటివారు మళ్లీ మన గుమ్మం ముందు నిలబడాలి. అడగలేక ఆగిపోయేవారు మాత్రలు మానేస్తారు. మిరప కోతలకు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే మనిషి ఒంగోలు ఆసుపత్రికి బయలుదేరితే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. దాతలు ఎంత ఉదారంగా ఇచ్చినా ఒక ఊరి సంఘం మోయగలిగిన బరువు కాదిది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మనం అనడం లేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చింది. పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్స పేదవారి దాకా వచ్చాయంటే దాని చలవే. 2025 సెప్టెంబరులో, ఆదాయంతో పని లేకుండా అన్ని కుటుంబాలకూ వర్తించే ఆరోగ్య విధానానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సంతోషించవలసిన మాటే.

అయితే కార్డు ముఖ్యంగా మనిషి మంచాన పడ్డాక పనికొస్తుంది. షుగరు ఉన్నవారు మందులు మానేస్తే కొన్నేళ్లకు కిడ్నీలు దెబ్బతినవచ్చు. అప్పుడు డయాలసిస్‌కు కార్డు ఆదుకుంటుంది. మొదట్లోనే నెలనెలా మాత్ర, రక్తపరీక్ష ఊళ్లో తప్పకుండా అందితే చాలామందికి అంతదూరం వెళ్లే అవసరమే ఉండదు. అందుకే ప్రజారోగ్య వేదిక, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు, దేశస్థాయిలో పనిచేస్తున్న జన స్వాస్థ్య అభియాన్, బీమా ఒక్కటే చాలదని, ప్రభుత్వ ఆసుపత్రులను బలపరచాలని, వైద్యాన్ని హక్కుగా గుర్తించాలని కోరుతున్నాయి.

హక్కు అంటే ఏమిటో ఒక కూలీ మనిషి కథ చెబుతుంది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడ్డాడు. తలకు తీవ్రమైన గాయం. ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదనో, సౌకర్యం లేదనో పంపేశాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేల రూపాయలు పెట్టి వైద్యం చేయించుకున్నాడు. ఆయన సభ్యుడిగా ఉన్న వ్యవసాయ కూలీల సంఘం ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని 1996 మేలో కోర్టు తీర్పు చెప్పింది. 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ సంఘం చందాలు పోగుచేసి బిల్లు కట్టి ఊరుకుని ఉంటే ఒక్క మనిషి అప్పు తీరేది. అడిగింది కాబట్టి దేశంలో అందరికీ ఒక తీర్పు దక్కింది.

థాయ్‌లాండ్‌లో స్వచ్ఛంద సంస్థలు అందరికీ వైద్యం కావాలంటూ చట్టం ముసాయిదా రాసి 50 వేలకు పైగా సంతకాలు సేకరించాయి. 2002లో ఆ దేశంలో జాతీయ ఆరోగ్య భద్రత చట్టం వచ్చింది. మన దేశంలో రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు కదా!

మన పక్కనున్న మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. దాన్ని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025లో నిర్ణయించారు. పార్టీల వాదన పార్టీలది. మనం అడగవలసింది ఒక్కటే: కూలికి వెళ్లే మనిషికి అక్కడ ఓపీ, పరీక్షలు, మందులు డబ్బు లేకుండా అందుతాయా? ఆ జవాబు కాగితం మీద కావాలి.

ఇక మన వంతు. వైద్య సాయం కోరే ప్రతి అర్జీతో పాటు నాలుగు వివరాలు రాసుకుందాం: ఏ జబ్బు, ఎక్కడికి వెళ్లారు, అక్కడ ఏది దొరకలేదు, చేతి నుంచి ఎంత పడింది. పేర్లు, చిరునామాలు బయటపెట్టకుండా ఏడాదికొకసారి వాటిని కలిపి జిల్లా వైద్యాధికారికి, శాసనసభ్యుల వారికి అందజేద్దాం. చదువుకున్న మన పిల్లలు ఆదివారం ఒక గంట కార్డులు, చీటీలు చూసి పెట్టినా, ఏ చికిత్సకు ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పినా ఎన్నో ఇళ్లు అప్పుల పాలు కాకుండా ఉంటాయి. ఈ పని ఏ ఒక్క మతం వారికో కాదు. జబ్బు ఇల్లు చూసి రాదు.

సాయం ఆపవద్దు. సాయం చేస్తూనే అడుగుదాం. సాయం కోసం మన గుమ్మం ఎక్కవలసిన అవసరం ఎవరికీ లేని రోజు వస్తే, ఈ సొసైటీ పెట్టిన పెద్దల ఆశయం నెరవేరినట్టే.