ఆ ఆకుపచ్చ వెలుగు ఎవరిది?



నానోస్ఫటికాల రంగంలో ఒక తగవు ఏళ్ల తరబడి నడిచింది. సీసియం, లెడ్, బ్రోమిన్ 4:1:6 పాళ్లలో కలిస్తే వచ్చే పదార్థం శుద్ధంగా ఉన్నప్పుడు కంటికి కనిపించే కాంతిని పీల్చుకోదు. అలాంటిది కొన్ని ప్రయోగశాలల్లో అతినీలలోహిత దీపం కింద ఆకుపచ్చగా ధగధగలాడింది. స్ఫటికంలోని లోపాలే కారణమని ఒక వర్గం వాదించింది. అవే మూలకాలు 1:1:3 పాళ్లలో కలిసిన పెరోవ్‌స్కైట్ రేణువులు లోపల చిక్కుకున్నాయని రెండో వర్గం అంది. మొగ్గు రెండో వాదనకే. ఆ పెరోవ్‌స్కైట్ ఎంత గట్టిగా వెలుగుతుందంటే, ఎక్స్‌రే వివర్తనానికి దొరకనంత చిటికెడున్నా చాలు, వర్ణపటాన్ని ఏలేస్తుంది.

ఆ పెరోవ్‌స్కైట్‌ను నానోస్ఫటికాలుగా 2015లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో మక్సిమ్ కొవలెంకో బృందం తయారుచేసింది. 140 నుంచి 200 డిగ్రీల వేడి ద్రావణంలోకి సీసియం ఓలియేట్‌ను సిరంజితో చిమ్మడం, సెకన్లలోనే ఫ్లాస్కును మంచునీళ్లలో ముంచడం. పని అంతే. కానీ ఇలాంటి పనిలో తరచూ వాడే ఓలైలమీన్ సీసా మీద 70 శాతమనే ఉంటుంది. మిగతా 30 శాతం ఏమిటో చాలామంది అడగరు.

అడిగితే ఏం దొరుకుతుందో కాడ్మియం సెలెనైడ్ చూపించింది. దాని నానోస్ఫటికాల తయారీలో ద్రావణిగా వాడే ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్ ఆక్సైడ్‌ను బాగా శుద్ధిచేసి వాడితే స్ఫటికాలు పట్టపగ్గాల్లేకుండా పెరిగాయి. నాసిరకం సరుకులోని ఫాస్ఫోనిక్ ఆమ్లాలే అంతవరకూ వాటిని అదుపులో పెట్టాయి! ఆ రకం ఆమ్లాన్ని కావాలనే కలిపాక 2000లో రసాయనవేత్త అలివిసాటోస్ బృందానికి చక్కటి నానోకడ్డీలు వచ్చాయి.

తోడు వేసినట్టు కావాలని కలిపేది డోపింగ్, చెప్పకుండా వచ్చి చేరేది మలినం. ఒక్కోసారి డోపింగే మలినాన్ని తెస్తుంది. లెడ్ క్లోరైడ్ పెరోవ్‌స్కైట్ ఊదారంగులో వెలుగుతుంది. 2016లో దానికి మాంగనీస్ కలిపితే, స్ఫటికం పీల్చిన శక్తి మాంగనీస్‌కు చేరి 600 నానోమీటర్ల దగ్గర నారింజ వెలుగొచ్చింది. బ్రోమైడ్‌తో చిక్కు ఎక్కువ: మాంగనీస్ జాలకంలోకి వెళ్లకుండా సీసియం, బ్రోమిన్‌లతో వేరే కాపురం పెట్టొచ్చు. అలా వచ్చే సమ్మేళనాల్లో ఒకటి కూడా ఆకుపచ్చగానే వెలుగుతుంది.

ఇక్కడ కూర్చున్నవారిలో కొందరు రేపు ఇలాంటి నమూనానే దీపం కింద పెడతారు. ఆకుపచ్చ వెలుగు ఎవరిదో అది ఎంతసేపు నిలుస్తుందో చూస్తే తెలుస్తుంది. పెరోవ్‌స్కైట్ వెలుగు నానోసెకన్లలో ఆరిపోతుంది. మాంగనీస్ వెలుగు దానికి వేల రెట్లు ఎక్కువసేపు, మిల్లీసెకను దరిదాపుల దాకా, నిలుస్తుంది. పత్రం అచ్చుకు ముందు వెలుగు నిలిచే సమయం కొలత కావాలని పట్టుబట్టే సమీక్షకుడు పేచీకోరేమీ కాడు.